చంద్రగిరి వారసత్వపు పోరు

చంద్రగిరి, వేలూరుల నుంచి విజయనగర రాజ్యాన్ని ఏలిన ఆరవీటి వంశపు రెండవ వేంకటపతిరాయలు 1614 అక్టోబరులో సంతానం లేకుండా మరణించేముందు, అన్న కొడుకైన శ్రీరంగరాయలను వారసుడిగా ప్రకటించాడు. అయితే రాణి బాయమ్మ తన కొడుకని పెంచిన బాలుడికే పట్టం దక్కాలంటూ, తన బిడ్డ కాదని రాజు అనుమానించిన ఆ బాలుడి పక్షాన రాణి బంధువైన గొబ్బూరి జగ్గరాయలు తిరగబడి, శ్రీరంగరాయలను సకుటుంబంగా చెరలో పెట్టి చంపించాడు. అంతకుముందే శ్రీరంగరాయల పక్షాన నిలిచిన వెలుగోటి యాచమనాయకుడు, ఆయన కొడుకు రామదేవుణ్ణి ఒక చాకలివాని చేత మైలబట్టల మూటలో కోట దాటించాడని నాటి జెసూయిట్ మతబోధకుడు బర్రాదాస్ రాశాడు. ఈ పోరులో దాయాదులకు, అంటే ఒకే వంశంలో ఆస్తికి హక్కుదారులైన జ్ఞాతులకు, తీర్పు చెప్పింది ధర్మశాస్త్రం కాదు, నాయకుల సైన్యాలే. తిరుచిరాపల్లి సమీపాన తోపూరు యుద్ధంలో జగ్గరాయలు హతుడు కాగా, తంజావూరు రఘునాథనాయకుని అండతో రామదేవుడు రాజయ్యాడు.