హాస్టల్ వాకిట్లో అంకెల బాట

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. తీజ్ గురించి, పాటల గురించి, కాంచళి మీద అద్దాల పని గురించి మాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ వేదిక మీదనే ఉన్నారు. మేము ఆడపిల్లల హాస్టల్ నడిపేవాళ్లం. మాకు తెలిసినవి పిల్లల అన్నం, దుప్పట్లు, జ్వరాలు, పరీక్ష మార్కులు. ఆ మార్కుల్లో కూడా అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేవి లెక్కల మార్కులు. అందుకని ఈ పూట లెక్కల గురించి, ఆటల గురించి మాట్లాడతాం.

రెండేళ్ల కింద దసరా సెలవుల్లో మేము బస్సు దిగి రోడ్డు పక్కన సీతాఫలాలు కొన్నాం. పాలమూరు పండు గురించి మీకు చెప్పక్కర్లేదు, బాలానగర్ రకం అని దేశమంతా పేరు. అమ్మే ఆమె పక్కన మా హాస్టల్ పిల్లే కూర్చుంది, నాలుగో తరగతి. గంప 130 రూపాయలు. రెండు వందల నోటు ఇచ్చాం. వాళ్ల అమ్మ నోరు తెరవకముందే పిల్ల 70 రూపాయలు లెక్కపెట్టి మా చేతిలో పెట్టింది.

సెలవులు అయిపోయాయి. అదే పిల్లకు పలక మీద 200లోంచి 130 తీసెయ్యమని ఇచ్చాం. జవాబు 130 అని రాసింది. ఎట్లా వచ్చింది బిడ్డా అని అడిగితే విడమరిచి చెప్పింది. "సున్నాలోంచి సున్నా పోతే సున్నా. సున్నాలోంచి మూడు పోదు, అందుకే మూడే వేసిన. రెండులోంచి ఒకటి పోతే ఒకటి." మరి ఆ రోజు మాకు డెబ్బయి ఎట్లా ఇచ్చినవ్ అని అడిగాం. నవ్వి, "అది అంగడి లెక్క మేడం, ఇది బడి లెక్క" అన్నది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనియ్యలేదు. టీచర్ ట్రైనింగ్‌లో మేము నేర్చుకున్నది వేరు. పిల్లలకు తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకుపోవాలి, నిత్య జీవితంలో లెక్క ఉంది అని చదివాం. చదివినప్పుడు అది చాలా తేలిక అనిపించింది. ఈ పిల్లకు నిత్య జీవితం లెక్క వచ్చు. అయినా అది పలక మీదికి రాలేదు.

ఇది మన పిల్లల తెలివితక్కువతనం అని ఎవరైనా అంటే నమ్మకండి. 2025లో నేచర్ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్లతో పాటు ఎలిజబెత్ స్పెల్కీ అందులో ఉన్నారు. ఢిల్లీ, కోల్‌కతా మార్కెట్లలో సరుకులు అమ్మే పిల్లలను పరీక్షించారు. తూకం, ధర, చిల్లర అన్నీ నోటితో టకటకా చెప్పిన పిల్లలు, బడిలో ఇచ్చే పద్ధతిలో అంకెలు ఇస్తే తడబడ్డారు. బడికి మాత్రమే పోయే పిల్లలు దానికి తిరగబడి ఉన్నారు, పలక లెక్క కొంచెం వచ్చు, మార్కెట్ లెక్క రాదు. రెండు వైపులా పిల్లలు ఉన్నారు, నడుమ వంతెన లేదు.

మేము ఆ వంతెన హాస్టల్ వాకిట్లో కట్టాలని చూశాం. మొదటిసారి తప్పు కట్టాం, అది ముందు చెప్పాలె.

గోడలు, గుమ్మాలు, నేల కూడా పాఠం చెప్పాలి అనే ఆలోచన మనకు కొత్తది కాదు. వాస్తుశిల్పి కబీర్ వాజ్‌పేయి, ఆయన విన్యాస్ సంస్థ, యూనిసెఫ్ సాయంతో 'బాలా' పేరుతో దీన్ని దేశమంతా బడుల్లోకి తెచ్చారు. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీయడం అందులో ఒకటి. అది చూసి మేము ఉత్సాహంగా గచ్చు మీద రంగులు తెచ్చి పెద్ద నత్త గుల్ల బొమ్మ గీసి, చుట్టలు చుట్టలుగా ఒకటి నుంచి యాభై దాకా అంకెలు రాశాం. ఫోటో బాగా వచ్చింది. పిల్లలు దాని మీద గెంతారు, ఉరికారు, కిందపడ్డారు. అంకె వంక ఒక్కరూ చూడలేదు. పావు వంతు రంగు మొదటి వానకే పోయింది, మా జీతంలో కొంత దానితోపాటే పోయింది.

తర్వాత చదివితే తెలిసింది. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే ఇద్దరు, 2008లో అచ్చయిన పరిశోధనలో, పేదింటి చిన్నపిల్లలతో ఒక చిన్న ఆట ఆడించారు. ఒకటి నుంచి పది దాకా గళ్లు ఒకే వరుసలో, నిటారుగా. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట చొప్పున ఆడితేనే ఆ పిల్లల అంకెల జ్ఞానం పెరిగింది. గళ్లలో అంకెలకు బదులు రంగులు ఉంటే పెరగలేదు. ఇంకో ఏడాదికి వాళ్లే చూశారు, అవే అంకెలు గుండ్రంగా రాస్తే ఆ లాభం రాలేదు. పెద్ద అంకె అంటే మొదలు నుంచి దూరంగా ఉన్నది అని పిల్ల కాలికి, కంటికి తెలియాలి. నత్త గుల్లలో ఆ దూరం కనపడదు, మనం చుట్టూ తిరిగి మళ్లీ మొదటి వైపుకే వస్తాం.

ఇంకొక చిన్న సంగతి పెద్ద పని చేస్తుంది. ఐదో గడిలో నిలబడ్డ పిల్లకు గవ్వల్లో మూడు పడింది అనుకోండి. "ఒకటి, రెండు, మూడు" అని గెంతితే ఆట నడుస్తుంది, లెక్క నడవదు. "ఆరు, ఏడు, ఎనిమిది" అనాలి. ఉన్న చోటు నుంచి ముందుకు లెక్కపెట్టాలి. లాస్కీ, సీగ్లర్ 2014లో ఇదే తేల్చారు. మా హాస్టల్‌లో ఇప్పుడు ఇది చట్టం. మరిచిపోయి "ఏక్, ది, తీన్" అంటే అవతలి జట్టుకు ఛాన్స్.

గోర్ బోలిలో లెక్కపెట్టొద్దని మేము ఎప్పుడూ అనలేదు. ఒకే గడిలో ఒకే అంకె, దాన్ని మూడు భాషల్లో పలుకుతాం. ఇంట్లో ఏక్, ది, తీన్, వాడలో ఒకటి, రెండు, మూడు, పుస్తకంలో వన్, టూ, త్రీ. ఇంగ్లీషు మీడియం వచ్చాక మన పిల్ల మీద పడిన మూడింతల బరువు ఇది. గడి మీద నిలబడితే మాటలు మూడైనా అంకె ఒక్కటే అని అర్థమవుతుంది.

రెండోసారి రంగులు కొనలేదు. సున్నం, జాజు తెచ్చాం. ప్రహరీ గోడ పక్కన వేపచెట్టు నీడలో నిటారుగా బాట గీశాం. సున్నా నుంచి 200 దాకా పదుల లెక్కన, ఒక్కో పదికి ఒక అడుగు. సీతాఫలాల పిల్లను 130 మీద నిలబెట్టాం. 200 దాకా నడువు, ఎన్ని పదులు దాటినవో చెప్పు అన్నాం. ఏడు గెంతులు గెంతి "డెబ్బయి" అన్నది. అక్కడే, బాట మీదనే, పలక ఇచ్చి రాయించాం. 130 పక్కన 70 పెట్టి కూడమన్నాం. రెండు వందలు వచ్చింది. పలక చూసింది, బాట చూసింది. మర్నాడు మళ్లీ పాత తప్పే చేసింది. నాలుగు వారాలు పట్టింది. ఈ సంగతి మీకు ఎందుకు చెబుతున్నామంటే, బాట గీసిన రోజు సాయంత్రానికే ఫలితం రాలేదని ఎవరూ చీపురు తెచ్చి తుడిచెయ్యొద్దు.

ఆడిన ప్రతిదీ ఎక్కడో ఒకచోట రాయించాలి. ఇది మేము కష్టపడి నేర్చుకున్నది. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో ఢిల్లీలో 1,540 మంది చిన్నపిల్లలతో నాలుగు నెలలు లెక్కల ఆటలు ఆడించి చూశారు. పిల్లల అంచనా శక్తి పెరిగింది, ఆ లాభం ఏడాది తర్వాత కూడా ఉంది. బడిలో అంకెల లెక్కకు మాత్రం అది అందలేదు. ఆట ఆడితే లెక్క దానంతట అదే వస్తుంది అని చెప్పేవాళ్లను కొంచెం అనుమానంగానే చూడండి.

మన ఆటలు ఉండగా కొత్త సామాను ఎందుకు? వామనగుంటలు తీసుకోండి. అటు ఏడు, ఇటు ఏడు, పద్నాలుగు గుంటలు. ఐదేసి చింతగింజలు పోస్తే డెబ్బయి. చేతిలోకి గింజలు తీసుకున్నాక, పంచకముందే, చివరి గింజ ఎక్కడ పడుతుందో చెప్పాలి అని మేము ఒక నియమం పెట్టాం. పదహారు గింజలు ఉంటే ఒక చుట్టు తిరిగి ఇంకో రెండు గుంటలు. భాగహారంలో శేషం అంటే ఏమిటో ఐదో తరగతి పిల్లలకు అక్కడ మట్టిలో అర్థమైంది. అష్టా చెమ్మాలో నాలుగు గవ్వలు వంద సార్లు వేయించి, ఏది ఎన్నిసార్లు పడిందో గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టించాం. రెండు ఎక్కువ పడ్డది, అష్టా తక్కువ. ఎందుకు అని పెద్ద పిల్లలు కొట్లాడుకున్నారు. నాలుగు గవ్వల్లో ఏ రెండు తెరుచుకున్నా రెండే కదా, అట్లాంటి జతలు ఆరు. అన్నీ మూసుకోవడానికి ఒకటే దారి. పులి-మేక, దాడి గళ్లు కూడా గీశాం. వాటి గురించి మీకు మాకంటే బాగా తెలుసు.

గీసే చోటు గురించి ఒక మాట. మైదానం నడిమధ్యలో గీస్తే మగపిల్లలు క్రికెట్ పిచ్ వేస్తారు. ఆడపిల్లలు కూర్చునే అరుగు పక్కన గీయండి. మన ఎండకు పన్నెండింటికి గచ్చు మీద ఉత్త కాళ్లు కాలుతాయి, మట్టి నేల, చెట్టు నీడ చూడండి. గెంతలేని పిల్లలు ఉంటారు. ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను ఏం చేస్తాయో నల్లగొండ బిడ్డలకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. వాళ్లకు అరుగు మీదనే, కూర్చున్న ఎత్తులో ఒక బాట ఉండాలి, చేత్తో రాయి జరుపుకుంటూ ఆడేటట్టు.

ఒక తండ్రి మా దగ్గరికి వచ్చి, "ఆటలకైతే తండాలోనే ఉండేది గదా మేడం, పుణెకు పనికి పోతూ మీ దగ్గర విడిచిపెట్టింది ఇందుకా" అన్నాడు. కోపం కాదు, భయం. ఆయన కూతుర్ని పిలిచి పలక ఇచ్చాం. ఆమె మేస్త్రీ దగ్గర నాన్నకు రావాల్సిన బాకీని, తీసుకున్న అడ్వాన్సు తీసేసి, బాట మీద గెంతి, పలక మీద రాసి చూపింది. ఆయన పలకను చాలాసేపు చూశాడు. ఆ లెక్క ఆయనకు నోటితో వచ్చు. కాగితం మీద మేస్త్రీ రాసిందే ఆయనకు దిక్కు.

2018లో మన తండాలు గ్రామ పంచాయతీలు అయ్యాయి. 2022లో ఊరూరికీ క్రీడా ప్రాంగణం అని బోర్డులు పెట్టారు. ఎన్ని చోట్ల బోర్డు కింద గడ్డి మొలిచిందో మీరు మాకంటే ఎక్కువ చూశారు. ఆ స్థలం మనదే, ఎవరి అనుమతీ అడగకుండా ఒక మూల సున్నంతో ఒక బాట గీయవచ్చు. డిగ్రీ చదివే చెల్లెళ్లు, ఆదివారం పూట రెండు గంటలు అక్కడ పలక పట్టుకుని కూర్చోండి. ఆటను పిల్లలే నడుపుతారు, మీరు రాయించండి, అంతే.

మొదటి బాటకు సున్నం, జాజు మేము తెస్తాం. గవ్వలు, చింతగింజలు మీ ఇండ్లల్లో అడిగి తెండి. వచ్చేటప్పుడు అవ్వలను కూడా తీసుకురండి. వామనగుంటల్లో మా హాస్టల్ పిల్లలను ఓడించే మనిషి ఇంకా దొరకలేదు.