రిజిస్టరు ఒక్కటే ఉండాలి
(పిట్టలవానిపాలెంలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీవితమంతా గుమాస్తాగా ఫైళ్లు మోసినవాణ్ణి. కంప్యూటరు గురించి నన్ను మాట్లాడమన్నారంటే కారణం నా పాండిత్యం కాదు, నేను చేసిన పొరపాటు. ముందు అది మనవి చేసుకుంటాను.

మన సంఘం గదిలో రెండు పాత కంప్యూటర్లున్నాయి. రెండింటిలోనూ లినక్సే. సభ్యుల జాబితా నా మిషనులో ఒకటి, కోశాధికారిగారి మిషనులో ఒకటి. పెన్‌డ్రైవులో అటూ ఇటూ మోసేవాళ్లం. కిందటేడు కాలం చేసిన ఒక మిత్రుని భార్యకు ఫ్యామిలీ పెన్షను దరఖాస్తు తయారుచేశాను. ఆమె కొత్త బ్యాంకు ఖాతా నంబరు కోశాధికారిగారి ప్రతిలో ఎక్కింది. నా ప్రతిలో ఎక్కలేదు. పాత నంబరే వేసి పంపాను. కాగితం తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి, పని అయ్యేసరికి మూడు నెలలు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డులు పంచిన చేతులివి. ఒకే రిజిస్టరుకు రెండు ప్రతులుంటే ఏదో ఒకటి అబద్ధం చెబుతుందని అప్పుడే తెలుసు. తెలిసీ చేశాను.

దీనికి మందు ఎన్.ఎఫ్.ఎస్., అనగా నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. సన్ మైక్రోసిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ 1984లో తెచ్చింది. ఫైలు ఒక మిషనులోనే ఉంటుంది. రెండోది వైరు ద్వారా దాన్ని తన సొంత ఫైలులాగే తెరుస్తుంది. రికార్డు రూములో రిజిస్టరు కదలదు, మనమే వెళ్లి రాసి వస్తాం కదా, అలాగన్నమాట.

మనవడు ఫోనులో చెబుతుంటే చేశాను. నా మిషనులో ‘ఎక్స్‌పోర్ట్స్’ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఏ ఫోల్డరు, ఏ చిరునామా గల మిషనుకు, చదవడానికేనా, రాయడానికి కూడానా అని అందులో ఒక్క వరుస. చిరునామాకూ దాని పక్క బ్రాకెట్టుకూ మధ్య ఖాళీ వదిలామో, రాసే హక్కు ఆ ఒక్క మిషనుకు కాక అందరికీ పోతుంది. జీ.వో.లో కామా లాంటిదే. అవతలి మిషనులో ఖాళీ ఫోల్డరు పెట్టి ‘మౌంట్’ అంటే జాబితా కనబడింది.

కనబడింది గాని, అక్కడ కూర్చుని నా ఫైలు నేను దిద్దబోతే అనుమతి లేదన్నది! కోశాధికారిగారికి మాత్రం తలుపులు బార్లా తెరిచింది. రెండు రోజులు తల పట్టుకున్నాం. సంగతేమంటే, ఈ పద్ధతి మామూలుగా మనిషిని పేరుతో గుర్తుపట్టదు, నంబరుతో పడుతుంది. నా మిషనులో మొదట నా పేరు ఎక్కించాం గనుక నాకు 1000, ఆయనకు 1001. ఆయన మిషనులో తారుమారు. సర్వీసులో ఒకే పేరున్న ఇద్దరి ఇంక్రిమెంట్లు కలగాపులగమైన కేసులు చూశాను. ఇక్కడ నంబరు ఒకటై మనుషులు మారారు. రెండుచోట్లా నంబర్లు ఒకటి చేశాక సర్దుకుంది.

నా మిషనుకు కరెంటు పోతే అవతల ఫైలు తెరిచినవారు బిగుసుకుపోయి కూర్చోవలసిందే, అందుకని బ్యాటరీ పెట్టించాం. పైగా ఇక్కడ చెరిపితే అక్కడా పోతుంది. ప్రతి శనివారం ఒక నకలు తీసి బీరువాలో పెడుతున్నాం. ఆ నకలులో ఎవరూ అక్షరం రాయకూడదు, నాతో సహా.

టీ తరువాత ఖాతా నంబరు మారినవారు గదిలోకి రండి, మీ ఎదుటే దిద్దుతాను. పాసుబుక్కు తప్పక తెచ్చుకోండి.