ఒకమారు చదువుట, పలుమారులు నడుపుట

కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి ఆలయమునకు మంగళ, శనివారములందు భక్తులు మిక్కిలిగా వత్తురు. అట్టి రద్దీలో విశ్రాంతికై ఒక మండపమున్నదనియు, దాని ద్వారమున ఒక కావలివాడున్నాడనియు అనుకొందము. లోనికి వచ్చిన ప్రతివారికి అతడు ఒకటి కలుపును. వెలుపలికి పోయిన ప్రతివారికి ఒకటి తీసివేయును. లెక్క సున్న అయినప్పుడు దీపమార్పి తాళము వేయును. పోయినవారిని తీసివేయుట మరచినచో ఎవరును లేని మండపములో రాత్రియంతయు దీపము వెలుగును. ఒకరినే రెండుమారులు తీసివేసినచో లోపల మనిషి ఉండగనే తాళము పడును. మొదటిది దుబారా, రెండవది ప్రమాదము.

కంప్యూటరు జ్ఞాపకస్థానమును కాపాడు ఒక పద్ధతి ఇట్టిదే. దీనికి రిఫరెన్స్ కౌంటింగ్ అని పేరు. జార్జి కాలిన్స్ అను శాస్త్రజ్ఞుడు 1960లో దీనిని ప్రకటించినారు. ఒక వస్తువున్న చోటును చూపు గుర్తునకు పాయింటర్ అందురు. అట్టి పాయింటర్లను ఎందరు పట్టుకొని యున్నారో అన్నదే ఆ లెక్క.

ఇది మన ఇండ్లకు దూరపు సంగతి కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్‌కు మెట్రోలో పోవువారి చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులను నడుపు మూలభాగము లినక్స్ కెర్నెల్. ఏ యాప్ ఎంత డేటా వాడినదో లెక్కించుటకు 2018 నాటి ఆండ్రాయిడ్ 9 నుండి ఈబీపీఎఫ్ అను ఏర్పాటును వాడుచున్నారు. కెర్నెల్‌ను మార్చకయే దానిలో చిన్న ప్రోగ్రాములను నడుపుటకు ఇది వీలు కల్పించును. లోపల తప్పు జరిగినచో యంత్రమంతయు నిలిచిపోగలదు గనుక, వెరిఫయర్ అను పరీక్షకుడు ప్రతి ప్రోగ్రామును ముందే చదివి, తీసికొన్న పాయింటరును విడువని దానిని లోనికి రానీయడు.

చిక్కు కాల్‌బ్యాక్ కడ వచ్చినది. “పట్టికలోని ప్రతి పద్దునకు ఈ పని చేయుము” అని ప్రోగ్రాము కెర్నెల్‌కు అప్పగించు చిన్న పనియే కాల్‌బ్యాక్. దానిని కెర్నెల్ పలుమారులు పిలుచును. బీపీఎఫ్ లూప్ అను సదుపాయము ద్వారా 83,88,608 మారుల వరకు పిలువవచ్చును. వెరిఫయర్ మాత్రము దానిని ఒక్కమారే జరుగునట్లు చదివెడిది. “ఒకరిని తీసివేయుము” అను చీటిని అధికారి ఒకమారు చదివి సరియనగా, కావలివాడు దానిని పదిమారులు అమలుజరిపినట్లయినది. ప్రోగ్రాము తీసికొన్న పాయింటరును కాల్‌బ్యాక్ మరల మరల విడువవచ్చును. లేదా పిలిచిన ప్రతిసారి క్రొత్తది తీసికొని విడువక పోవచ్చును.

కెర్నెల్ రచయితలలో ఒకరైన కుమార్ కార్తికేయ ద్వివేది 2022 ఆగస్టులో దీనికి దిద్దుబాటు చేసినారు. కాల్‌బ్యాక్ తాను తీసికొన్నదానిని తానే విడువవలెను. తన్ను పంపిన ప్రోగ్రాము తీసికొన్నదానిని ముట్టరాదు. ప్రమాదము తప్పినది గాని, వెరిఫయర్ చదువు తీరు మారలేదు. 2023 నవంబరులో ఎడ్వర్డ్ జింగర్‌మన్ ఆ తీరునే మార్చినారు. కాల్‌బ్యాక్‌ను ఒక్కమారును పిలువకపోవచ్చును, ఎన్నిమారులైనను పిలువవచ్చును అని యెంచియే వెరిఫయర్ ఇప్పుడు చదువును. అందుచేత 2022 నాటి ప్రత్యేక నిషేధములు అనవసరములై, 2024లో వానిని ద్వివేదియే తొలగించినారు.

ఆ నిషేధములు అక్కరలేకుండ పోయినవన్న ఈ కడపటి విషయమునే మేము శ్రోతలకు ముఖ్యముగా చెప్పదలచినాము. పని ఎట్లు జరుగునో అట్లే పరీక్ష జరిగినచో, వేరు ఆంక్షలతో దానికి కంచె కట్టనక్కరలేదు.