కరువునకు సూర్యుడు కారణమా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



వానలు కురియనప్పుడు మన పల్లెలలో రెండు పనులు చేయుట ఆచారము. విరాటపర్వము చదివింతురు; రోకలికి కప్పను కట్టి ఇంటింట నీళ్లు పోయింతురు. చదువుకొన్నవారు దీనిని చూచి నవ్వుదురు. నవ్వవచ్చును. కాని విరాటపర్వము చదివించినచో వాన కురిసినను కురియకున్నను తిక్కనగారి పద్యములు నాలుగు ఊరివారి చెవిని బడును. పారాయణము ముగిసిన నాడు నలుగురికి భోజనము దొరకును. కప్పకు కొంత ఇబ్బంది కలుగునేమో గాని మనుష్యులెవరును చావరు. కరువు వచ్చినప్పుడు దేశములేలువారు, పండితులు, పత్రికలవారు చేసిన పూజలతో పోల్చి చూచినచో కప్పతల్లి ఆట మిక్కిలి చవుక, నిరపాయకరము.

1876వ సంవత్సరమున, అనగా మన ధాత నామ సంవత్సరమున, దక్షిణ దేశమున వానలు తప్పినవి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయినవి. అనంతపురమునకు అప్పటికి వేరు జిల్లా అను గౌరవము కూడ లేదు. బళ్లారిలో భాగముగనే ఎండినది. రెండేండ్లు గడచునప్పటికి బ్రిటిషు ఇండియాలో యాబది లక్షలకు పైగా జనులు నశించిరని సర్కారువారి లెక్కలే ఒప్పుకొన్నవి. సర్కారువారు ఒప్పుకొన్న లెక్క ఎప్పుడును తక్కువ లెక్కయే యని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ ఏటి పేరే ఆ కష్టమునకు నిలిచిపోయి 'ధాత కరువు' అయినది.

అప్పుడు వైస్రాయిగ నున్నవాడు లిట్టన్ ప్రభువు. ఆయన కవి. 'ఓవెన్ మెరిడిత్' అను మారుపేరుతో కావ్యములు ప్రకటించినవాడు. కవులు రాజ్యమేలిన ప్రజలు సుఖింతురని నమ్మువారు ఈ ఒక్క ఉదాహరణమును జాగ్రత్తగ పరిశీలింపవలెను. 1877 జనవరి 1వ తేదీన ఆయన ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగ ప్రకటించెను. వారము దినములు విందులు, ఏనుగులు, బాకాలు, బిరుదులు. ఆ వారముననే ఇక్కడ రాయలసీమ బాటలవెంట జనులు పడి చచ్చుచుండిరి. ధాన్యపు ధరల విషయమున సర్కారు చేయి పెట్టరాదనియు, వర్తకము తన ధర్మమును తానే నెరవేర్చుకొనుననియు ఉత్తరువులు వెడలినవి. రైలు వచ్చినది గనుక ఇక కరువు భయము లేదని అప్పటివరకు చెప్పుచుండిరి. రైలు ధాన్యమును తెచ్చిన మాట నిజమే. కాని కొనువాని చేత డబ్బు లేనప్పుడు బస్తాలు గిడ్డంగిలోనే కూర్చుండును. ధర ఎక్కుచుండగా వాటికి తొందర యేమి? ఆ కరువు నడుచుచుండగనే ఈ దేశపు గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండునకు పోయినవి.

రిచర్డు టెంపులు దొర కథ ఇంకను విచిత్రమైనది. 1873–74లో బీహారున కరువు వచ్చినప్పుడు ఈయన బర్మానుండి బియ్యము తెప్పించి జనులను బ్రతికించెను. చనిపోయినవారు బహు కొలది. దానికి మెప్పు రాలేదు సరిగదా, ఖజానాను దుబారా చేసెనని నిందలు వచ్చినవి. టెంపులు దొర బుద్ధిమంతుడు, పాఠము నేర్చుకొనెను. 1877లో ఆయననే మద్రాసు రాజధానికి పంపగా, ఎండలో రాళ్లు కొట్టు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని తీర్మానించెను. మద్రాసు పారిశుద్ధ్య శాఖాధికారి కార్నిషు దొర, వైద్యుడు, ఆ తిండితో కాయకష్టము చేసినవాడు బ్రతుకడని లెక్కలు కట్టి వాదించెను. దొరలందరును ఒక్క తీరువారు కారని దీనివలన తెలియును. అయినను ఖజానా వాదమే కొంతకాలము గెలిచినది. బ్రతికించినందుకు చీవాట్లు తిన్న అధికారి రెండవసారి బ్రతికింపడు.

ఇంతమంది చచ్చిన తరువాత కారణము చెప్పవలెను గదా. అది పండితుల వంతు. 1877లోనే నార్మన్ లాకియరు అను ఖగోళ శాస్త్రజ్ఞుడును, హంటరు అను సర్కారు గణాంకాధికారియు కలిసి, సూర్యునిపై మచ్చలు తగ్గిన యేండ్లలో మద్రాసున వానలు తగ్గుననియు, పదునొకండేండ్ల కొకసారి కరువు వచ్చుననియు వ్రాసిరి. ఎంత సుఖమైన సిద్ధాంతము! సూర్యునిపై దావా వేయుటకు కోర్టు లేదు. సూర్యుడు ఎగుమతి వ్యాపారము చేయడు. అతడు ఢిల్లీ దర్బారునకు రాలేదు. విరాటపర్వము చదివించువాడు మూఢుడట, ఇది మాత్రము శాస్త్రమట!

న్యాయముగ చెప్పవలెనన్న, శాస్త్రము అక్కడ ఆగిపోలేదు. 1875లో ఏర్పడిన వాతావరణ శాఖకు మొదటి అధికారియైన బ్లాన్‌ఫర్డు, 1877లో ఈ దేశమున మాత్రమే గాక దూరదేశములందు కూడ గాలి బరువు హెచ్చియున్నదని గమనించెను. 1904లో వచ్చిన గిల్బర్టు వాకరు లెక్కల పండితుడు. ఏండ్లకొలది అంకెలను పోల్చి, పసిఫిక్ సముద్రముపైని గాలి బరువునకును మన ఋతుపవనమునకును సంబంధము కలదని చూపెను. నేడు 'ఎల్ నినో' యని మన రైతులు కూడ పలుకుచున్న మాట వెనుక ఈ శ్రమ యంతయు నున్నది. 1877–78లో పసిఫిక్ సముద్రము వేడెక్కిన మాట నిజము. వాన తప్పుటకు అది కారణము. కాని బీహారున వాన తప్పినను జనులు బ్రతికిరి గదా! వాన తప్పుట పసిఫిక్ సముద్రము చేసిన పని; ప్రాణములు తప్పుట వేరొకరి పని.

మన గోదావరి, కృష్ణా డెల్టాలు ఆ కరువులో నిలిచినవి. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. రైళ్లకు పోసిన డబ్బు కాలువలకు పోయవలసినదని కాటను దొర 1878లో పార్లమెంటు సంఘము ముందు వాదించెను. ఆయనకు మనవారు విగ్రహములు పెట్టిరి, పెట్టవచ్చును. కాని ఆ ఆనకట్టకు కంపెనీవారు డబ్బిచ్చినది దయ పుట్టి గాదు, శిస్తు పడిపోయినందున. 1832–33లో నందన కరువు గుంటూరు సీమను ఊడ్చినది. అక్కడి ప్రజలలో ఇంచుమించు మూడవ వంతు పోయిరని చెప్పుదురు. చచ్చినవాడు శిస్తు కట్టడను రహస్యము కంపెనీకి అప్పుడు తెలిసినది.

ఆ నందన కరువులోనే, వేమన పద్యములను వెదకి ముద్రించిన బ్రౌను దొర కంపెనీ ఉద్యోగిగ నుండెను. తోటి అధికారులు తమ ఉత్తరములలో 'కొరత' యని మెత్తగ వ్రాయుచుండగా, ఆయన 'కరువు' అని వ్రాసెను. పై అధికారులకు కోపము వచ్చినది. మాట ఒక్కటి మారిన కోపమెందుకు? కొరత యైనచో వర్తకుడు చూచుకొనును. కరువైనచో సర్కారు అన్నము పెట్టవలెను. నిఘంటువు వ్రాయువానికి మాటల ధర తెలియును. లిట్టన్ కవికిని తెలియును. అందుచేతనే 1878లో దేశభాషా పత్రికల నోరు కట్టుటకు చట్టము చేసెను. ఇంగ్లీషు పత్రికలకు ఆ చట్టము లేదు. కరువు తెలుగులో పలికిననే నేరము కాబోలు.

ఇంతవరకు పాత కథ. లిట్టన్ నాటికి వాన దైవాధీనము, ఆకలి రాజాధీనము. ఇప్పుడు వాన కూడ పూర్తిగ దైవాధీనము కాదు. బొగ్గుపులుసు వాయువు వేడిని పట్టి ఉంచునని 1859లో టిండాలు ప్రయోగశాలలో చూపెను. బొగ్గు కాల్చుచు పోయినచో భూమి వేడెక్కునని 1896లోనే ఆరీనియసు లెక్క కట్టెను. 1958లో హవాయి ద్వీపమున ఒక కొండమీద కొలుచుట మొదలిడినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లుగ నున్న ఆ వాయువు, 2024 నాటికి 420 దాటినది. ఆ 2024వ సంవత్సరమున భూమి వేడిమి పారిశ్రామిక యుగమునకు ముందున్న దానికంటె ఇంచుమించు ఒకటిన్నర డిగ్రీ హెచ్చినది. ఒకటిన్నర యేగదా యని తీసివేయరాదు. మనిషి ఒంటికి ఆ పాటి హెచ్చినను ఆ దినము పనికి పోడు. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన నూటికి ఏడు పాళ్లు అధికముగ నీటిని మోయగలదు. కనుకనే నెలవాన ఒక్క దినమున కురియుట, తరువాత నెల యెండిపోవుట.

కాల్చినవారెవరు? ప్రపంచ జనులలో నూటికి పదిమంది ధనికులు సగము పొగను విడుచుచున్నారు. అమెరికావాడు సగటున ఏటికి పదునాలుగు టన్నులు విడిచిన చోట, భారతీయుడు రెండు టన్నులు. ఆ రెండు టన్నులు కూడ సగటు లెక్కయే. ఇందులో ముంబయి మేడలవారి భాగమెంతో, కట్టెలపొయ్యి ఊదు అవ్వ భాగమెంతో వేరు చేసి చూచినచో ఆ అవ్వకు మిగులునది కంటిలోని పొగ మాత్రమే. ఎక్సాన్ చమురు కంపెనీకి దాని సొంత శాస్త్రజ్ఞుడే 1977లో ఈ ప్రమాదమును చెప్పెను. ఆ తరువాత ఆ కంపెనీ ఏండ్ల తరబడి బయట సందేహములు చల్లుచు వచ్చినది. బీపీ అను మరియొక చమురు కంపెనీ ఈ శతాబ్దపు తొలి యేండ్లలో 'నీ కర్బన పాదముద్ర యెంత?' అని సామాన్యులనే ప్రశ్నించుచు ప్రకటనలు వేసినది. దొంగ దొరకకముందే ఊరివారందరి అడుగులు కొలిపించిన తెలివి ఇది!

ఇక మహాసభలు. 1995లో బెర్లినునందు మొదలై ఏటేట జరుగుచున్నవి. 2023లో దుబాయిలో జరిగిన సభకు ఆ దేశపు చమురు కంపెనీ అధిపతియే అధ్యక్షుడు. కల్లుదుకాణము యజమాని మద్యనిషేధ సభకు అధ్యక్షత వహించినట్లున్నది. ఇది నేటి విరాటపర్వ పారాయణము. భేదమేమనగా, పారాయణము తరువాత ఊరందరికి భోజనము. ఇక్కడ భోజనము వచ్చినవారికే.

ఎర్రజెండావారు ఇంతవరకు చప్పట్లు కొట్టుచుందురు, కొంచెమాగవలెను. ప్రత్తి పంట కొరకు రెండు నదులను మళ్లించి, 1960 మొదలు ఆరల్ సముద్రమును ఎండగట్టినది సోవియెట్టు ప్రణాళికయే. పడవలు ఇసుకలో నిలిచినవి. ప్రశ్నించువాడు లేనిచోట నదికి జెండా రంగు తెలియదు.

మన యింటి సంగతి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై సముద్రము లేచి వచ్చినది. పదివేలమంది చనిపోయిరని లెక్క. గాలివాన వచ్చునని రేడియో చెప్పినది. ఎక్కడికి పోవలెనో చెప్పలేదు, పోవుటకు చోటు లేదు గనుక. మేడలున్నవారు మేడ లెక్కిరి. పూరిపాకలవారు, పాలేర్లు, జాలరులు కొట్టుకొనిపోయిరి. 1990 మే నెలలో అంతటి తుపానే ఆ తీరముననే వచ్చినది. లక్షలమందిని ముందుగ తరలించినందున మృతులు వేయికి లోపుగనే నిలిచిరి. గాలి మారలేదు, సముద్రము మారలేదు. మనము ఓటు వేసిన మనుష్యులు కదిలిరి. అదే మనము కొల్లేరులో చేసినదేమి? బీదల సంఘముల పేర తవ్వించిన చేపల చెరువులు పెట్టుబడిదారుల చేతికి పోయినవి. వరద నీరు నిలుచు చోటున గట్లు లేచినవి. 2006లో ఆ గట్లను కొట్టించిరి. వరద వచ్చినప్పుడెల్ల ఆ సరస్సు తన హద్దు లేవో ఊళ్లకు తానే చూపుచున్నది.

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రములందును కలిసి వేయిమందికి మించి వడదెబ్బకు చనిపోయిరి. మేస్త్రీ పిలిచిన కూలీలు, గొర్రెలకాపరులు, ఉపాధి పనివారు. చల్లని గదిలో కూర్చున్నవానికి వడ తగులదు. వడదెబ్బయే యని అధికారి ధ్రువపరచిననే ఆ కుటుంబమునకు పరిహారము. ధ్రువపరపనిచో అది గుండెజబ్బు, లేక వార్ధక్యము. నందన కరువులో బ్రౌను దొర ఎదుర్కొన్న చిక్కే ఇది. కాగితముపై ఏ మాట వ్రాయుదురు?

గ్రంథాలయమునకు ఇందులో పని కలదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టా కాలువలపై పుస్తకముల పడవను నడిపించి పల్లెలకు చదువు పంపిరి. శిస్తు కొరకు త్రవ్వించిన కాలువ పుస్తకములు మోసినది! ఇప్పుడు పుస్తకములు ఇచ్చుటతోపాటు ఒక పుస్తకము వ్రాయుట కూడ గ్రంథాలయమునకు తగిన పని. దినదినము కురిసిన వాన, వేసవిలో బావుల లోతు, మధ్యాహ్నపు వేడి, ఎండకు పడిపోయిన వారి పేరు, వయస్సు, ఆ దినము చేసిన పని. కూలి యెంతయో కూడ వ్రాయవలెను. మండల కార్యాలయమునకు పోవు అర్జీకి ఈ పుట నకలు జతపరచినచో, కాదనువాడు కారణము చెప్పవలసివచ్చును. నూరు పుటల పుస్తకము ఒక ఏటికి చాలును. హైస్కూలు పిల్లలు ఇద్దరు వంతులు వేసికొని వ్రాయగలరు. వర్షమాపకమును మాత్రము వేపచెట్టునకు దూరముగ, పెరటి తూర్పు మూలనుంచి, ఉదయము ఎనిమిదిన్నరకు చూడవలెను.