గుత్తాధిపత్యం – విశ్వాసి బాధ్యత

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! దైవభీతి కలిగి మసలుకోవలసిందిగా ముందు నాకూ, పిదప మీకూ హితవు చెప్పుకుంటున్నాను.

ఇస్లాంలో వ్యాపారం ధర్మసమ్మతం. న్యాయమైన లాభం పాపం కాదు. అయితే ప్రజలకు తప్పనిసరియైన వస్తువునో, సేవనో ఒక్కరే గాని, కొందరు కూడబలుక్కొని గాని తమ గుప్పిట పెట్టుకొని, కొనేవానికి మరో దారి లేకుండా చేస్తే అది గుత్తాధిపత్యం. ధర పెరిగేవరకు సరకును దాచి ఉంచటాన్ని షరీఅత్ పరిభాషలో ‘ఇహ్తికార్’ అంటారు. ఇలా దాచేవాడు పాపాత్ముడని దైవప్రవక్త (స) హెచ్చరించిన విషయం సహీహ్ ముస్లింలో నమోదై ఉంది.

మదీనాలో ‘రూమా’ అనే మంచినీటి బావి ఉండేది. వెల చెల్లించనిదే ఆ నీరు దొరికేది కాదు. దానిని కొని ముస్లిములకు ఇచ్చేవారికి దైవప్రవక్త (స) స్వర్గ శుభవార్త వినిపించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చారు. ఒక కథనం ప్రకారం, ఆయన మొదట సగం వాటాయే కొన్నారు. ఒక రోజు ఆయనది, మరునాడు యజమానిది. ప్రజలు ఉస్మాన్ (రజి) వంతు నాడే రెండు రోజులకు సరిపడా నీరు ఉచితంగా తోడుకునేవారు. యజమాని వంతు నాడు కొనేవారే లేకపోయారు. చివరకు అతడు మిగతా సగాన్నీ అమ్మివేశాడు. మరో దారి తెరచుకోగానే గుత్తాధిపత్యం దానంతటదే కూలిపోయింది.

సరకుతో వచ్చే బిడారులకు ఊరి వెలుపలే ఎదురేగి, సంత ధర తెలియనివ్వక కొనటాన్ని కూడా దైవప్రవక్త (స) నిషేధించారు. మరోవైపు, ధరలు పెరిగాయని ప్రజలు మొరపెట్టుకున్నప్పుడు ధర నిర్ణయించటానికి ఆయన సమ్మతించలేదు. అమ్మేవారికీ అన్యాయం జరగరాదు కదా! అయితే వ్యాపారులు కుమ్మక్కై ప్రజలను పీడిస్తే పాలకుడు న్యాయమైన ధరకు అమ్మించవచ్చునని ఇమామ్ ఇబ్నె తైమియా వివరించారు.

ఇహ్తికార్ ఆహారధాన్యాలకూ, పశుగ్రాసానికే పరిమితమని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. దాచటం వల్ల ప్రజలకు హాని కలిగే ప్రతి వస్తువుకూ అది వర్తిస్తుందని ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్ అన్నారు. మందులు, ఎరువులు, తాగునీరు ఏ కోవకు వస్తాయో ఆలోచించండి. ఇంటివారి కోసం ఏడాది గ్రాసం నిలువ చేసుకోవటం మాత్రం ఇహ్తికార్ కాదు. దైవప్రవక్త (స) స్వయంగా అలా చేసినట్లు హదీసుల్లో ఉంది.

మన దేశంలోనూ 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం, 2002 నాటి పోటీ చట్టం ఉన్నాయి. కాని చట్టం కన్ను పడని గిడ్డంగిని కూడా అల్లాహ్ చూస్తున్నాడు. ఊరికంతటికీ ఒకటే దుకాణం ఉండటం నేరం కాదు. ఆ ఒంటరితనాన్ని ఆయుధంగా చేసుకొని పేదవాని అవసరాన్ని పిండుకోవటం నేరం.

సోదరులారా! మనలో వ్యాపారులున్నారు, దళారులున్నారు, ఎండాకాలంలో ట్యాంకరు నీరు అమ్మేవారున్నారు. కరువు వార్త విన్నప్పుడు మన మనసు దిగులు చెందుతోందా, లేక లాభం లెక్క కట్టుకుంటోందా? ప్రతి ఒక్కరూ తన అంతరాత్మను ప్రశ్నించుకోవాలి. స్తోమత గలవారు నలుగురు కలసి, తమ పేటలో రూమా బావి వంటి మరో దారి తెరవాలి.

అల్లాహ్ మన సంపాదనను ధర్మసమ్మతం చేయుగాక! ఇతరుల ఇబ్బందిలో లాభం వెదికే బుద్ధి నుండి మనల్ని కాపాడుగాక! ఆమీన్.