చెయ్యి లేచింది, లెక్క సంగతేమిటి?



తుళ్లూరు చుట్టుపక్కల ఎవరికైనా పక్షవాతం వస్తే పలకరింపుకు వెళ్లినవాళ్లు మొదట అడిగేది చెయ్యి లేస్తోందా, నడుస్తున్నాడా అనే. నడిస్తే గండం గడిచినట్టే లెక్క. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఇంట్లోనే కొత్త తంటా మొదలవుతుంది. గుంటూరు మిర్చి యార్డులో కాటా పడగానే కమీషన్, హమాలీ, ముందు తీసుకున్న అడ్వాన్సు పోగా చేతికెంతొస్తుందో నోటిలెక్కన చెప్పే రైతు, చీటీ పట్టుకొని అలాగే నిలబడిపోతాడు. నిన్న మందు కొట్టిన చేనికే ఇవాళ మళ్లీ కొట్టమంటాడు. కంచంలో ఎడమవైపు అన్నం అలాగే ఉండగా ఇంకాస్త పెట్టమంటాడు.

ఇంట్లోవాళ్లు మొండితనమనుకుని విసుక్కుంటారు. కంచం సంగతే చూస్తే, అతని కళ్లు బాగానే ఉన్నాయి. మెదడు కుడిభాగం దెబ్బతినడంతో ఎడమపక్క ఉన్నది అతని ధ్యాసకు అందడం లేదు.

అందుకే ధ్యాస, జ్ఞాపకం, మాట, పనిని వరసలో పెట్టుకునే శక్తి, వీటిలో ఏది నిలిచిందో ఏది జారిందో విడివిడిగా చూడాలి. 1975లో వచ్చిన మినీ మెంటల్ పరీక్ష ఈ చివరి శక్తిలోని లోపాన్ని చాలాసార్లు పట్టుకోలేదు. 2005 నాటి మాంట్రియల్ పరీక్ష ఆ లోటు కొంత పూడ్చింది. దానికి 30 మార్కులు, పది నిమిషాల పని. అందులో గడియారం గీసి పదకొండూ పది చూపించమంటారు. పుట్టి పెన్సిలు పట్టని పత్తి కూలీ గీయలేకపోతే అది మెదడు దెబ్బా, బడి లేని బాల్యమా? చదువు తక్కువైనవాళ్లకు కలిపే ఒక్క మార్కు ఈ ప్రశ్నను తీర్చదు.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, డాక్టర్ సుభాష్ కౌల్, భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత తదితరులు ఇలాంటిదే అయిన ఆడెన్‌బ్రూక్ పరీక్షను ఇక్కడివాళ్లకు తగ్గట్టు మార్చి వాడారు. 2006 నుంచి 2013 వరకు నమోదైన 608 మంది పక్షవాత రోగులను పరిశీలించారు. 2016లో అచ్చయిన ఫలితం ప్రకారం రెండు భాషలు మాట్లాడేవాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా ఉంది. ఒకే భాషవాళ్లలో అది 19.6 శాతమే. మాట పడిపోవడంలో మాత్రం రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే మాట ఒక్కటే చూసి పంపేస్తే ఇంత పెద్ద సంగతి ఎవరి కంటా పడేది కాదు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల పెట్టెలో తెలుగూ ఉంది. ఇంగ్లిషు ప్రశ్నలను అప్పటికప్పుడు నోటితో తెలుగు చేసి అడగడానికి ఇక సాకు లేదు.

ఈ రోజు పట్టా అందుకుంటున్న మీరు రేపు వార్డులో పరీక్ష పెట్టేముందు కళ్లజోడు తెప్పించండి, చెవి వినపడుతోందో చూడండి, చుట్టాలను కాసేపు బయట కూర్చోమనండి. మాట పోయిన మనిషికి ప్రశ్నలు వేసి సున్నా మార్కులు వేయకండి, వేలితో చూపించే పరీక్షలున్నాయి. దిగులు వల్ల కూడా మార్కులు తగ్గుతాయి. భార్యనో కూతురినో పక్కకు పిలిచి, మునుపు చేసే ఏ పని ఇప్పుడు చేయలేకపోతున్నాడో అడగండి. మూడు నెలలకు మళ్లీ చూడండి. డిశ్చార్జి కాగితంలో బీపీ మందుల కింద, యార్డు లెక్కలు కొన్నాళ్లు ఇంకొకరు చూసుకోవాలనో, అప్పుడే బండి నడపనివ్వొద్దనో ఇంటివాళ్లు చదువుకోగల తెలుగులో రెండు వాక్యాలు రాయండి.