కమిషన్ వేసినారు సరే, రిపోర్టు ఏదీ?

(ఆదివాసీ యువజన సమావేశంలో మాట్లాడిన మాటలు. పేజీ కోసం కొంచెం సరిచేసి రాసినాను.)



నల్లమల పెంటల నుంచి చెంచులు వచ్చినారు. కడప వైపు నుంచి యానాదులు, ఎరుకల వాళ్లు వచ్చినారు. పడమటి తండాల నుంచి సుగాలీలు వచ్చినారు. పొద్దున్నుంచి భూమి పట్టాల గురించి, హాస్టళ్ల గురించి మాట్లాడుకున్నాం. నాకిచ్చిన విషయం వేరే. ప్రభుత్వ బ్యాంకుల్లో, కార్పొరేషన్లలో డబ్బు పోయినప్పుడు వేసే విచారణ కమిషన్లు. "ఇది మనకెందుకప్పా" అని వెనకాల ఎవరో నవ్వుతున్నారు. ఎందుకో చెప్తా.

మన ఆలూరు దాటితే బళ్లారి. అంత దగ్గర. ఆ కర్ణాటకలో ఎస్టీల కోసం మహర్షి వాల్మీకి అభివృద్ధి కార్పొరేషన్ ఉంది. బోరు వేసుకోవడానికి, భూమి కొనుక్కోవడానికి, చిన్న వ్యాపారానికి సాయం చేసేది అదే. (అక్కడ వాల్మీకులు ఎస్టీ, మన కర్నూల్లో వాల్మీకి బోయలు బీసీ. ఆ చర్చ పెద్దది, ఇప్పుడు పెట్టుకోను.) 2024 మే నెలలో ఆ కార్పొరేషన్ అకౌంట్స్ సూపరింటెండెంట్ శివమొగ్గలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన రాసిపెట్టిన ఉత్తరంతో సంగతి బయటపడింది. 187 కోట్లు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మళ్లినాయి. పోయింది 187 కోట్లు కాదు, 89 కోట్ల చిల్లర అని ముఖ్యమంత్రి అసెంబ్లీలో చెప్పినారు. చూడండి, ఇక్కడ "కాదు" అన్న మాట ఎంత ఖరీదైందో! ఆ సొమ్ములో పెద్ద భాగం హైదరాబాద్‌లోని ఖాతాలకు చేరిందని దర్యాప్తులు చెప్పినాయి. ఆ శాఖ మంత్రి నాగేంద్ర జూన్‌లో రాజీనామా చేసినారు, జూలైలో ఈడీ అరెస్టు చేసింది. ఆరోపణలు ఆయన ఒప్పుకోలేదు. అది కోర్టులు తేల్చే విషయం, నేను తీర్పు చెప్పడం లేదు.

నేనడిగేది ఇంకొకటి. సిట్ వచ్చింది, సీబీఐ వచ్చింది, ఈడీ వచ్చింది. మూడు దర్యాప్తులు. మూడూ తలుపులు వేసుకుని చేసేవే. బోరు కోసం దరఖాస్తు పెట్టుకుని రెండేళ్లు తిరిగిన మనిషి ఏ గదిలో కూర్చుని వినాల? ఆ డబ్బు ఎవరు సంతకం పెడితే కదిలింది, ఎవరు చూసీ చూడనట్టు పోయినారు అనేది ఆ మనిషికి పేపర్లో వచ్చే ముక్కలే గతి.

ఈ దేశంలో అట్లా కాకుండా జరిగిన రోజు ఒకటుంది. అది మన నాయనలు కూడా పుట్టక ముందు. 1956లో ప్రైవేటు జీవిత బీమా కంపెనీలన్నీ కలిపి ఎల్ఐసీ పెట్టినారు. ఏడాది తిరగక ముందే, 1957 జూన్‌లో, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లు ఎల్ఐసీ 1 కోటి 24 లక్షలకు పైగా పెట్టి కొనింది. పెట్టుబడులు చూసే కమిటీని సరిగ్గా అడగనే లేదు. ఈ విషయం పార్లమెంటులో లేపింది ప్రతిపక్షం ఒక్కటే అనుకోవద్దు, ముందు నిలబడింది అధికార పార్టీ ఎంపీ ఫిరోజ్ గాంధీ, సాక్షాత్తూ నెహ్రూ అల్లుడు. ప్రభుత్వం బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో ఏకసభ్య కమిషన్ వేసింది. ఆయన విచారణ బహిరంగంగా పెట్టినారు. హాలు పట్టక జనం బయట నిలబడితే లౌడ్ స్పీకర్లు కట్టించినారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి, ఆర్థిక శాఖ కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ వచ్చి చెప్పిన సాక్ష్యం రోడ్డు మీద నిలబడినోళ్లు కూడా విన్నారు. 1958 జనవరిలో మొదలైన పని ఫిబ్రవరిలో ముగిసింది. నెల రోజులు కూడా పట్టలేదు. కింది అధికారి చేసినాడని మంత్రి తప్పించుకోవడానికి లేదని చాగ్లా రాసినారు. మంత్రి దిగిపోయినారు.

నేను డిగ్రీలో బీకాం. మూడేళ్లలో మాకు ఎల్ఐసీ ఎప్పుడు పెట్టినారో చెప్పినారు గానీ ఈ కథ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మన ఊరి కథకే వస్తా. 1991 నవంబర్‌లో నంద్యాల ఉపఎన్నిక. పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయినాక ఎంపీగా గెలవాల కాబట్టి నంద్యాల నుంచి నిలబడినారు. తెలుగువాడు ప్రధాని అయినాడని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. అయిదు లక్షల పైన మెజారిటీ. మన పెద్దోళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో బొంబాయిలో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. స్టేట్ బ్యాంకు, రిజర్వ్ బ్యాంకు పెట్టిన నేషనల్ హౌసింగ్ బ్యాంకు లాంటి సంస్థల డబ్బు షేర్ మార్కెట్లోకి పోయింది. రిజర్వ్ బ్యాంకు జానకిరామన్ కమిటీ లెక్క తీస్తే 4,000 కోట్లు దాటింది. రామ్ నివాస్ మిర్ధా అధ్యక్షతన పార్లమెంటు సంయుక్త కమిటీ వేసినారు. అది నడుస్తుండగానే, 1993 జూన్‌లో, హర్షద్ మెహతా సూట్‌కేసు పట్టుకుని ప్రెస్ మీట్ పెట్టి, 1991 నవంబర్‌లో ప్రధానికి కోటి రూపాయలు ఇచ్చినానన్నాడు. అంటే నంద్యాల ఎన్నిక జరుగుతున్న రోజులు. పీవీ అది అబద్ధమన్నారు. రుజువు కాలేదు. రుజువు కాని మాటను నిజమని నేను ఈ మైకులో చెప్పను, మీరూ చెప్పొద్దు.

కానీ నా బాధ వేరే. నంద్యాల ఓటరుకు ఆ సంయుక్త కమిటీ ముందు ఏం జరిగిందో వినే వీలుండిందా? లేదు. ఆ కమిటీల సాక్ష్యాలు నడిచేది మూసిన గదిలో. చివరికి రిపోర్టు వస్తుంది, ఇంగ్లీషులో, లావుగా. సూట్‌కేసు బొమ్మ మాత్రం జనానికి మిగిలింది. బ్యాంకు లోపల ఏ రసీదుతో ఏ డబ్బు కదిలిందో మిగలలేదు. పుకారు ఒక్కటే తెలుగులోకి వచ్చింది, లెక్క రాలేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తా, ఆకలి టైమయింది. విచారణ కమిషన్ల చట్టం 1952 నాటిది. కమిషన్ మనిషిని పిలిపించగలదు, ప్రమాణం చేయించి అడగగలదు, కాగితాలు తెప్పించగలదు. శిక్ష వేయలేదు. దాల్మియా కేసులో 1958లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, కమిషన్ మాట సిఫార్సు మాత్రమే అని. 1971లో చట్టం మార్చి, రిపోర్టు వచ్చిన ఆరు నెలల్లో ఏం చర్య తీసుకున్నారో రాసిన కాగితంతో సహా సభ ముందు పెట్టాలన్నారు. పెట్టకపోతే? చట్టంలో దానికి శిక్ష లేదు. అందుకే కమిషన్ వేసినారంటే కొందరు నాయకులకు ఊపిరి వస్తుంది. "విచారణలో ఉంది కదా, మాట్లాడకూడదు" అంటారు. మాట్లాడకూడదని ఏ సెక్షన్‌లో ఉందో చూపించమనండి.

అట్లని కమిషన్ వద్దంటానా? అనను. చాగ్లా దగ్గర ఉన్న చట్టమూ ఇదే. లౌడ్ స్పీకర్ కట్టించినాడు, అంతే తేడా.

మన రాయలసీమకు బహిరంగ విచారణ కొత్త కూడా కాదు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. దాంతో పాటే సామాజిక తనిఖీ వచ్చింది. మస్టరు తెచ్చి గ్రామసభలో పేరు పేరునా చదువుతారు. "ఈ మనిషి చచ్చిపోయి మూడేళ్లయింది, పనికి ఎట్లా వచ్చినాడు" అని ముసలామె లేచి అడుగుతుంది. తర్వాత మండలంలో ప్రజావేదిక. డబ్బు వసూలు దగ్గర నీరుగారిపోయే మాట నిజమే. అయినా అక్షరం రాని మనిషి ఆఫీసర్ను నిలబెట్టి అడిగే చోటు ఇంకెక్కడుంది? ఉపాధి కూలీకి ఉన్న ఆ చోటు, సొసైటీలో అప్పు తీసుకున్న రైతుకు లేదు, ట్రైకార్ లోన్‌కు దరఖాస్తు పెట్టిన పిల్లోడికి లేదు, జీసీసీ డిపోకు తేనె తూచిన చెంచు మనిషికి లేదు.

మా గూడెంలో ఒకామె, నాకు అవ్వ వరస. ఒక బ్యాంకులో ఆమె పేరు మీద అప్పుందని నోటీసు వచ్చింది. ఆమె వేలిముద్ర వేసింది నిజమే, ఎంతకు వేసిందో ఆమెకు తెలీదు. చేతికొచ్చింది కొంత, కాగితంలో ఉన్నది ఇంకొంత. అడగడానికి పోతే "విచారణ అయిపోయింది" అన్నారు. ఎవరు చేసినారు, ఏం రాసినారు? "అది ఆఫీసు కాగితం" అన్నారు. అవ్వ మేకలమ్మి కట్టింది. విచారణ జరిగింది ఆమె అప్పు మీద. రిపోర్టు చూసే హక్కు ఆమెకు లేదంట.

ఉంది. అదే చెప్పడానికి వచ్చినా.

సహకార సంఘాల్లో డబ్బు పోతే 1964 చట్టం 51వ సెక్షన్ కింద విచారణ వేస్తారు. ఆఫీసుల్లో "51 ఎంక్వైరీ" అంటారు. తప్పు తేలితే 60వ సెక్షన్ కింద బాధ్యుల నుంచి వసూలు. ఈ రిపోర్టు రిజిస్ట్రార్ తరఫున జిల్లా సహకార అధికారి ఆఫీసులో ఉంటుంది. "సొసైటీలకు సమాచార హక్కు వర్తించదు" అని మనల్ని తిప్పి పంపుతారు. 2013లో కేరళ తలప్పలం బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఏమన్నదంటే, సొసైటీ నేరుగా చట్టం కిందికి రాకపోవచ్చు గానీ రిజిస్ట్రార్ వస్తాడు, చట్ట ప్రకారం ఆయన తెప్పించుకోగల సమాచారం ఆయన్ను అడగొచ్చు అని. కాబట్టి దరఖాస్తు సొసైటీకి రాయొద్దు. జిల్లా సహకార అధికారి ఆఫీసులో సమాచార అధికారికి రాయండి. "ఫలానా సొసైటీ మీద జరిగిన 51వ సెక్షన్ విచారణ నివేదిక, దాని మీద తీసుకున్న చర్యల కాపీలు ఇవ్వగలరు" అని ఒక్క వాక్యం చాలు. ఎందుకు అని వాళ్లు అడగకూడదు, మీరు చెప్పక్కర్లేదు. జిల్లా ఆఫీసుకు ఫీజు పది రూపాయలు. పేదరికం కింద ఉన్నవాళ్లకు అదీ లేదు, రుజువుగా రేషన్ కార్డు జిరాక్స్ పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు. ఇచ్చిన ప్రతి కాగితానికి రసీదు అడిగి తీసుకోండి, సిగ్గుపడొద్దు.

భోజనాల తర్వాత ఆ వేపచెట్టు కింద కూర్చుంటాం. నేను, ఇంకో ఇద్దరు పిల్లోళ్లు ఉంటాం. ఎవరి దగ్గర నోటీసులున్నాయో, పాసుబుక్కులో తెలీని ఎంట్రీలున్నాయో తెండి, తెలుగులో చదివి చెప్తాం, దరఖాస్తు అక్కడే రాస్తాం. మా అవ్వది మొదటిది. కాగితం రాసి పెట్టినా, ఆమె వేలిముద్ర వేసేముందు రెండుసార్లు చదివించుకుంది.